నెలకు 75 రూపాయలు

1913 ఫిబ్రవరి చివర్లో మద్రాసు విశ్వవిద్యాలయం రిజిస్ట్రారుకు ఒక సిఫారసు ఉత్తరం అందింది. రాసినవారు గిల్బర్ట్ వాకర్. సిమ్లా నుంచి దేశంలోని వాతావరణ పరిశీలనాలయాలన్నిటినీ నడిపే అధికారి, అంతకు ముందు కేంబ్రిడ్జిలో పేరుపడ్డ గణితవేత్త. ఆయన మద్రాసు పర్యటనకు వచ్చినప్పుడు పోర్టు ట్రస్టు ఛైర్మన్ ఫ్రాన్సిస్ స్ప్రింగ్ తన ఆఫీసులోని ఒక గుమాస్తా రాసుకున్న లెక్కలు చూపించారు. చూసిన మర్నాడే వాకర్ కలం పట్టారు. ఈ మనిషి కొన్నేళ్లపాటు తిండి గురించి ఆలోచించకుండా గణితం మీదే ఉండేలా విశ్వవిద్యాలయం ఏదైనా ఏర్పాటు చేయాలన్నది ఆ ఉత్తరం సారాంశం. గుమాస్తా పేరు శ్రీనివాస రామానుజన్. జీతం నెలకు 30 రూపాయలు.

ఆ ఏర్పాటుకు నియమాలు అడ్డొచ్చాయి. పరిశోధక వేతనం కావాలంటే మాస్టర్స్ డిగ్రీ ఉండాలి. రామానుజన్‌కు బీఏ కూడా లేదు. కుంభకోణం కాలేజీలో చేరేటప్పుడు వచ్చిన స్కాలర్‌షిప్పు ఇంగ్లిషులో తప్పడంతో పోయింది. తర్వాత మద్రాసు పచ్చయ్యప్ప కాలేజీలో ఎఫ్ఏ తప్పారు. గణితం తప్ప మరేదీ చదవబుద్ధి కాకపోవడమే అందుకు కారణం. అలాంటి మనిషికి విశ్వవిద్యాలయం డబ్బు ఏ పద్దు కింద ఇవ్వాలి? మార్చిలో గణిత పాఠ్య సంఘం సమావేశమైంది. ఇంజనీరింగ్ కాలేజీ ప్రొఫెసర్ బి. హనుమంతరావు చొరవతో నెలకు 75 రూపాయల చొప్పున రెండేళ్లు ఇవ్వాలని సిఫారసు చేసింది. ఫైలు సిండికేటుకు చేరాక డిగ్రీ ప్రశ్న మళ్లీ లేచింది. అప్పుడు హైకోర్టు న్యాయమూర్తి పి.ఆర్. సుందరం అయ్యర్ విశ్వవిద్యాలయం పుట్టిన చట్టంలోని పీఠికను ఎత్తి చూపించారు. పరిశోధనను ప్రోత్సహించడం ఈ సంస్థ లక్ష్యాల్లో ఒకటని అందులోనే ఉన్నప్పుడు, కింది నియమాలు పై లక్ష్యానికి అడ్డు ఎలా అవుతాయని వాదించారు. ఆ వాదన నెగ్గింది. 1913 మే 1 నుంచి రామానుజన్ మద్రాసు విశ్వవిద్యాలయంలో వేతనం పొందే పరిశోధక విద్యార్థి అయ్యారు.

మన దేశంలో పరిశోధక వేతనాల చరిత్ర రాయాలంటే ఈ సిండికేట్ సమావేశం దగ్గర కాసేపు ఆగక తప్పదు. ఒక మేధావి దొరికాడన్నది సగం కథే. నియమం అడ్డం వచ్చినప్పుడు ఎవరు ఏ పక్షాన నిలబడ్డారన్నది మిగతా సగం. ఆ తర్వాతి నూరేళ్లలో ఇదే ప్రశ్న మళ్లీ మళ్లీ మన విశ్వవిద్యాలయాల ముందుకు వచ్చింది. జవాబు ప్రతిసారీ ఒకేలా లేదు.

రామానుజన్‌కు అంతకు ముందు అండగా నిలిచింది నెల్లూరు కలెక్టరు. ఇండియన్ మ్యాథమెటికల్ సొసైటీ వ్యవహారాలు కూడా చూసే ఆ కలెక్టరు, దివాన్ బహదూర్ ఆర్. రామచంద్రరావు, రామానుజన్ నోటు పుస్తకాలు తిరగేసి, నెలకు 25 రూపాయలు సొంత డబ్బు పంపే ఏర్పాటు చేశారు. కొన్నాళ్ల తర్వాత రామానుజన్ ఒకరి దయ మీద బతకడానికి ఇష్టపడక పోర్టు ట్రస్టులో గుమాస్తాగా చేరారు. వ్యక్తి ఇచ్చే సాయానికీ సంస్థ ఇచ్చే వేతనానికీ ఉన్న తేడా ఇక్కడే తెలుస్తుంది. కలెక్టరు గారి ఔదార్యం గొప్పదే కానీ తీసుకునేవాడి తల దించుతుంది. విశ్వవిద్యాలయం ఇచ్చే 75 రూపాయలకు ఆ బరువు లేదు, దానికి బదులుగా చేయాల్సిన పని ఉంది. మూడు నెలలకోసారి నివేదిక ఇవ్వాలన్నది షరతు. 1913 ఆగస్టు 5న మొదటి నివేదిక, నవంబరులో రెండోది, 1914 మార్చి 9న మూడోది సమర్పించారు. మొదటి రెండింటి నిండా నిశ్చిత సమాకలనాలను కనుక్కునే కొత్త పద్ధతి ఉంది. ఇప్పుడు గణితంలో దాన్ని రామానుజన్ మాస్టర్ సిద్ధాంతం అంటారు. ఈనాటి పరిశోధక విద్యార్థులు ఆరు నెలలకోసారి గైడు సంతకంతో ఇచ్చే ప్రగతి నివేదికలకు వీటిని పూర్వరూపం అనుకోవచ్చు. ట్రిప్లికేన్‌లో అద్దె ఇల్లు, చదువుకోవడానికి కన్నెమరా లైబ్రరీ, పోర్టు ట్రస్టు నుంచి సెలవు. ఆ పది నెలలూ ఆయనకు కావాల్సినంత సమయం దొరికింది.

1914 మార్చి 17న రామానుజన్ ఇంగ్లండు వెళ్లే ఓడ ఎక్కారు. కేంబ్రిడ్జి చదువుకు మద్రాసు విశ్వవిద్యాలయమే ఏడాదికి 250 పౌండ్లు మంజూరు చేసింది. అందులోంచి నెలకు 60 రూపాయలు కుంభకోణంలోని ఇంటివాళ్లకు అందేలా రామానుజన్ ఏర్పాటు చేసుకున్నారు. పరిశోధక వేతనం ఒక మనిషి పుస్తకాలకూ భోజనానికీ మాత్రమేనని చట్టం అనుకుంటుంది. మన దేశంలో అది మొదటి నుంచీ ఒక ఇంటి ఖర్చు కూడా. ట్రినిటీ కాలేజీ ఫెలో అయ్యాక మద్రాసు విశ్వవిద్యాలయం మళ్లీ ఏడాదికి 250 పౌండ్లు ఇస్తామంది. 1919 జనవరిలో ఇంగ్లండు ఆసుపత్రి మంచం మీంచి ఆయన రిజిస్ట్రారుకు జవాబు రాశారు. తనకు అంత డబ్బు అక్కర్లేదని, తల్లిదండ్రులకు ఏటా 50 పౌండ్లు ఇచ్చి, తన అవసరాలకు పోగా మిగిలింది పేద పిల్లల, అనాథల ఫీజులకూ బడుల్లో పుస్తకాలకూ వాడమని కోరారు. తర్వాత ఏడాది తిరిగేసరికి ఆయన మనకు లేరు.

పరిశోధన చేసే యువకులకు డబ్బిచ్చి సమయం కొనివ్వాలన్న ఆలోచన మద్రాసులో పుట్టింది కాదు. కలకత్తా ఆ పని 1866లోనే మొదలుపెట్టింది. అమెరికా అంతర్యుద్ధం రోజుల్లో అక్కడి పత్తి ఆగిపోయి లాంకషైర్ మిల్లులు బొంబాయి పత్తి కోసం ఎగబడ్డప్పుడు కోట్లు గడించిన వ్యాపారి ప్రేమ్‌చంద్ రాయ్‌చంద్. యుద్ధం ముగిశాక 1865లో బొంబాయి మార్కెట్టు కుప్పకూలింది, ఆయన సంపదా కరిగిపోయింది. అయినా కలకత్తా విశ్వవిద్యాలయానికి ఆయన ఇచ్చిన 2 లక్షల రూపాయల నిధి నిలిచింది. బొంబాయి విశ్వవిద్యాలయంలో తల్లి పేర కట్టించిన రాజాబాయి గడియార స్తంభం అందరికీ తెలుసు. కలకత్తా నిధి గురించి తెలిసినవాళ్లు తక్కువ. మేలు ఎక్కువ చేసింది మాత్రం అదే. ఆశుతోష్ ముఖర్జీ, చరిత్రకారుడు జదునాథ్ సర్కార్, ఆర్.సి. మజుందార్ ఆ వేతనం అందుకున్నారు. 1919లో నక్షత్రాల వర్ణపటాల మీద రాసిన వ్యాసానికి మేఘనాద్ సాహాకు అది దక్కింది. తూర్పు బెంగాల్లో చిన్న దుకాణదారు కొడుకు ఆ డబ్బు ఆసరాతో ఓడెక్కి లండన్, బెర్లిన్ ప్రయోగశాలలు చూశాడు.

అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం 1876లో తలుపులు తెరిచింది. మొదటి అధ్యక్షుడు డేనియల్ కాయిట్ గిల్మన్ భవనాల కంటే మనుషుల మీద డబ్బు పెట్టాలని నిశ్చయించారు. ఏడాదికి 500 డాలర్ల చొప్పున 20 ఫెలోషిప్పులు ప్రకటించారు. పరిశోధనకు కొత్తగా చేరే విద్యార్థికి విశ్వవిద్యాలయమే ఎదురు డబ్బివ్వడం అక్కడివాళ్లకు వింతగా తోచింది. కొన్నేళ్లలోనే మిగతా విశ్వవిద్యాలయాలు అదే దారి పట్టాయి. నేడు మన పిల్లలు పీహెచ్‌డీకి అమెరికా వెళ్లినప్పుడు ఫీజు మాఫీ, నెలనెలా స్టైపెండ్ వస్తున్నాయంటే, ఆ పద్ధతికి మూలం బాల్టిమోర్ నగరంలోని ఆ 20 ఫెలోషిప్పులే.

ఆ హాప్కిన్స్‌లోనే నియమాల మరో ముఖమూ కనిపిస్తుంది. క్రిస్టీన్ లాడ్ అనే గణిత విద్యార్థిని 1878లో అక్కడ చేరింది. అప్పట్లో ఆ విశ్వవిద్యాలయంలో ఆడవాళ్లకు ప్రవేశం లేదు. ఆమె ప్రతిభ తెలిసిన ప్రొఫెసర్ సిల్వెస్టర్ పట్టుబట్టడంతో చేర్చుకున్నారు. మూడేళ్లు ఫెలోషిప్పు డబ్బు కూడా ఇచ్చారు. ఫెలోల జాబితాలో పేరు మాత్రం అచ్చు వేయలేదు, వేస్తే మిగతా ఆడపిల్లలూ వస్తారని ధర్మకర్తల భయం. 1882 నాటికి తర్కశాస్త్రంలో ఆమె సిద్ధాంత వ్యాసం పూర్తయింది. పట్టా ఇవ్వలేదు. ఇచ్చింది 1926లో, విశ్వవిద్యాలయం యాభై ఏళ్ల పండుగ చేసుకున్నప్పుడు. అప్పటికి ఆమెకు 78 ఏళ్లు.

ఇక మళ్లీ 1913. రామానుజన్‌కు మద్రాసులో వేతనం మొదలైన కొద్ది వారాలకే, జూన్‌లో, బరోడా సంస్థానంలో మరో యువకుడు ఒక ఒప్పందం మీద సంతకం పెట్టాడు. నెలకు పదకొండున్నర పౌండ్ల చొప్పున మూడేళ్లు సంస్థానం ఇస్తుంది, చదువు ముగించి వచ్చాక పదేళ్లు సంస్థానంలో కొలువు చేయాలి. ఆ యువకుడు భీమరావ్ అంబేడ్కర్. కొలంబియా విశ్వవిద్యాలయంలో మూడేళ్లు అర్థశాస్త్రం, చరిత్ర, సమాజశాస్త్రం పుస్తకాలన్నీ తిరగేశారు. 1916లో లండన్ వెళ్లి అక్కడ డీఎస్సీ మొదలుపెట్టేసరికి గడువు ముగిసింది. చదువు సగంలో ఆపి వెనక్కి రావాల్సి వచ్చింది.

ఆ తర్వాత జరిగింది మనలో చాలామందికి తెలుసు. ఒప్పందం ప్రకారం బరోడా వెళ్లిన ఆ కొలంబియా పట్టభద్రుడికి ఊళ్లో అద్దెకు ఇల్లు దొరకలేదు. కులం దాచి పార్సీ సత్రంలో దిగితే కర్రలు పట్టుకుని వచ్చి వెళ్లగొట్టారు. ఆఫీసులో జవానులు ఫైళ్లు బల్ల మీదకు విసిరారు. స్కాలర్‌షిప్పు ఒక మనిషిని న్యూయార్క్ దాకా తీసుకెళ్లగలిగింది, బరోడాలో తలదాచుకునే చోటు చూపించలేకపోయింది. ఆయన బొంబాయి సిడెన్‌హామ్ కాలేజీలో పాఠాలు చెప్పి కూడబెట్టుకున్న సొమ్ముకు కొల్హాపూర్ మహారాజు ఇచ్చిన 1,500 రూపాయలు, స్నేహితుడు నవల్ భథేనా అప్పుగా ఇచ్చిన 5,000 రూపాయలు కలుపుకుని 1920లో మళ్లీ లండన్ చేరారు. 1923లో డీఎస్సీ వచ్చింది. వేతనం మధ్యలో ఆగిపోతే ఏమవుతుందో ఒంటి మీద అనుభవించిన ఆ మనిషి, వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో సభ్యుడయ్యాక 1942లో అణగారిన కులాల ఉన్నత చదువుల కోసం వినతిపత్రం ఇచ్చి ఏటా 3 లక్షల రూపాయలు మంజూరు చేయించారు. 1944లో ఎస్సీ విద్యార్థులకు పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్పులు మొదలయ్యాయి. నేటికీ తెలుగు రాష్ట్రాల్లో లక్షల ఇళ్లు ఆ పథకం మీదే పిల్లల్ని కాలేజీకి పంపుతున్నాయి.

తెలుగు నేల సంగతికొస్తే, తొలినాళ్లలో ఇక్కడివాళ్లకు దిక్కయింది సంస్థానాలూ ధర్మనిధులూ. హైదరాబాద్‌లో నిజాం కాలేజీకి పునాది వేసిన అఘోరనాథ్ ఛటోపాధ్యాయ ఎడింబరో విశ్వవిద్యాలయం డీఎస్సీ. ఆయన కూతురు సరోజిని 1895లో నిజాం ఇచ్చిన స్కాలర్‌షిప్పుతో ఇంగ్లండు వెళ్లింది. కోస్తాలో ఆ పాత్ర కాకినాడ మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ పోషించింది. రంగూన్‌లో గడించిన డబ్బును చదువులకు రాసిపెట్టిన మనిషి ఆయన. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1923 అక్టోబరులో బోస్టన్ చేరడానికి ఆ సంస్థ సాయమూ మామగారి డబ్బూ ఆధారం. అక్కడ దిగాక హార్వర్డ్ వేతనం ఏదీ ఆయన కోసం సిద్ధంగా లేదు. ఆసుపత్రిలో రాత్రిళ్లు చిన్న పనులు చేస్తూ పగలు చదివారు. రెండేళ్లు తిరగకుండానే అక్కడి శాస్త్రవేత్త ఫిస్కేతో కలిసి రక్తంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతి కనిపెట్టారు. పీహెచ్‌డీ మాత్రం 1930లో గానీ చేతికి రాలేదు.

సి.ఆర్. రావు కథ ఇంకొకలాంటిది. విశాఖపట్నంలో ఆంధ్ర విశ్వవిద్యాలయం నుంచి గణితంలో ఎమ్మే పూర్తి చేసి, ఉద్యోగం వెతుక్కుంటూ కలకత్తా వెళ్లి, మహలనోబిస్ నడిపే ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరారు. 1945లో, పాతికేళ్ల వయసులో, ఇప్పటికీ ఆయన పేరుతో పిలిచే అసమానతను ప్రచురించారు. మరుసటి ఏడాది కేంబ్రిడ్జి మ్యూజియం నుంచి పిలుపొచ్చింది. సూడాన్‌లోని జెబెల్ మోయా తవ్వకాల్లో దొరికిన వేల ఏళ్లనాటి పుర్రెలూ ఎముకలూ కొలిచి, గణాంక పద్ధతుల్లో విశ్లేషించాలి. ఆ పనికి వచ్చే జీతమే ఆయనకు పరిశోధక వేతనం. పగలు ఎముకలు కొలుస్తూ, ఆర్.ఎ. ఫిషర్ దగ్గర విద్యార్థిగా చేరి 1948లో పీహెచ్‌డీ తీసుకున్నారు. పుర్రెల కొలతల కోసం ఆయన అభివృద్ధి చేసిన బహుచర పద్ధతులు తర్వాత వైద్యం నుంచి ఆర్థికశాస్త్రం దాకా వాడుకలోకి వచ్చాయి. కూలి పని కూడా పరిశోధన కాగలదని చూపించిన మనిషి ఆయన. అందరికీ అలాంటి కూలి దొరకదు.

రామానుజన్ కోసం 1913లో తలుపు తెరిచిన మద్రాసు విశ్వవిద్యాలయమే ముప్ఫై రెండేళ్ల తర్వాత ఒక ఆడపిల్ల ముఖం మీద అదే తలుపు మూసింది. అన్నా మణి 1940లో స్కాలర్‌షిప్పుతో బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో సి.వి. రామన్ ప్రయోగశాలలో చేరింది. వజ్రాల, కెంపుల వర్ణపటాలు తీయడం పని. ఒక్కో ఫొటోకు పదిహేను ఇరవై గంటలు వెలుగు పట్టాలి. ఆమె చాలా రాత్రిళ్లు ప్రయోగశాలలోనే పడుకునేది. ఐదు పరిశోధన పత్రాలు ఒంటి పేరు మీద వచ్చాయి. 1945లో సిద్ధాంత వ్యాసం సమర్పించింది. ఆ సంస్థకు అప్పట్లో పట్టాలిచ్చే అధికారం లేదు, మద్రాసు విశ్వవిద్యాలయం ఇవ్వాలి. ఎమ్మెస్సీ లేదు కాబట్టి పీహెచ్‌డీ కుదరదన్నారు. పీఠిక చదివి వినిపించే సుందరం అయ్యర్ ఆ రోజు ఎవరూ లేరు. ఆమె ప్రభుత్వ స్కాలర్‌షిప్పు మీద ఇంగ్లండు వెళ్లి వాతావరణ పరికరాల నిపుణురాలిగా తిరిగొచ్చి దేశంలో ఆ రంగాన్నే నిలబెట్టింది. డాక్టరేట్ లేకుండానే.

స్వాతంత్ర్యం వచ్చేనాటికి పరిశోధక వేతనం ఒక దాత దయగానో సంస్థానాధీశుడి మనసుగానో ఉండకూడదన్న అభిప్రాయం బలపడింది. 1942లో ఏర్పడిన సీఎస్ఐఆర్, 1953లో మొదలై 1956లో చట్టబద్ధత పొందిన యూజీసీ ఆ బాధ్యత తలకెత్తుకున్నాయి. జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్, అంటే అందరి నోటా నలిగే జేఆర్ఎఫ్, అలా వ్యవస్థగా మారింది. 1988లో కేంద్రం జాతీయ అర్హత పరీక్ష (నెట్) బాధ్యతను యూజీసీకి అప్పగించింది. 1989 డిసెంబరులో, 1990 మార్చిలో రెండు విడతలుగా మొదటి నెట్ జరిగింది. సైన్సు విషయాలకు సీఎస్ఐఆర్‌తో ఉమ్మడి పరీక్ష. ఇక గైడుకు తెలిసినవాడా, ఏ ఊరివాడా అన్న ప్రశ్న లేదు. రాసి నెగ్గితే చాలు, ఐదేళ్లు డబ్బు వస్తుంది. రెండేళ్లు జేఆర్ఎఫ్, బయటి నిపుణుడు కూడా ఉండే ముగ్గురు సభ్యుల కమిటీ పని చూసి సరేనంటే మిగతా మూడేళ్లు సీనియర్ ఫెలోషిప్.

తెలుగు పల్లెల్లోంచి వచ్చిన మొదటి తరం చదువరులకు ఇది ఎంత పెద్ద మార్పో ఆ తరంవాళ్లను అడిగితే చెబుతారు. ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ ముందు చెట్ల కింద, వాల్తేరు హాస్టళ్లలో, కాకతీయ, శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయాల రీడింగు రూముల్లో తెల్లవార్లూ గైడ్లు ముందేసుకుని కూర్చున్నవాళ్లంతా దాని కోసమే. "మా వాడు జేఆర్ఎఫ్ కొట్టాడు" అని ఊళ్లో చెప్పుకోవడంలో ఒక ఉద్యోగం వచ్చినంత ధీమా ఉంటుంది. ఇంట్లో అప్పు తీర్చేది, చెల్లెలి ఫీజు కట్టేది, నాన్న ఆసుపత్రి బిల్లు చెల్లించేది ఆ డబ్బే.

మొత్తాలు నెమ్మదిగా పెరిగాయి. 2007కు ముందు 8 వేలున్న జేఆర్ఎఫ్ ఆ ఏడాది 12 వేలయింది. 2010లో 16 వేలు, 2014లో 25 వేలు. 2019లో 31 వేలు, 2023 జనవరి నుంచి 37 వేలు. సీనియర్ ఫెలోకు 42 వేలు. 2014, 2019 పెంపుల వెనుక దేశమంతటా పరిశోధక విద్యార్థుల ధర్నాలున్నాయి, అడగకుండా వచ్చినవి కావు. దీనికి తోడు ఇంటి అద్దె భత్యం, కంటింజెన్సీ. మొదటి రెండేళ్లు కంటింజెన్సీ కింద సైన్సువాళ్లకు ఏడాదికి 12 వేలు, సాహిత్య, సామాజిక శాస్త్రాలవాళ్లకు 10 వేలు. శాసనాలు చూడటానికి పది ఊళ్లు తిరిగే చరిత్ర విద్యార్థికి బస్సు ఛార్జీలు, జిరాక్సులు, తాళపత్రాల ఫొటోలు అన్నీ ఆ 10 వేలల్లోనే.

అందరూ నెట్ నెగ్గరు. నెగ్గనివాళ్ల పరిశోధన పనికిరానిదీ కాదు. 2005-06లో ఎస్సీ, ఎస్టీ విద్యార్థుల కోసం మొదలైన రాజీవ్ గాంధీ జాతీయ ఫెలోషిప్‌కు మొదట్లో నెట్ షరతు లేదు. ఏటా 2,000 మందికి, అందులో 1,333 ఎస్సీ, 667 ఎస్టీ విద్యార్థులకు ఇచ్చారు. మన విశ్వవిద్యాలయాల్లో దళిత, ఆదివాసీ పరిశోధకుల సంఖ్య కళ్లకు కనిపించేలా పెరిగింది ఆ తర్వాతే. చిందు, డక్కలి కథకుల మీద, గోండు, కోయ భాషల మీద, నీలగిరి నుంచి నల్లమల దాకా అడవి హక్కుల మీద పని చేయాలనుకునేవాళ్లకు అలాంటి వేతనమే ఆధారం. మైనారిటీ విద్యార్థులకు 2009లో మొదలుపెట్టిన మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌ను 2022 డిసెంబరులో ఆపేస్తున్నట్టు కేంద్రం ప్రకటించింది. పదమూడేళ్లపాటు పని చేసిన పథకాన్ని అలా ఆపేయడం తప్పు.

కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో నెట్ లేనివాళ్లకు 2006 నుంచి మరో చిన్న వేతనం ఉంది. ఎంఫిల్‌కు 3 వేలు, పీహెచ్‌డీకి 5 వేలతో మొదలై తర్వాత 5 వేలు, 8 వేలు అయింది. రాష్ట్ర విశ్వవిద్యాలయాలకు అది వర్తించదు. 2015 అక్టోబరులో యూజీసీ ఆ కాస్తా తీసేయాలని నిర్ణయిస్తే ఢిల్లీలో యూజీసీ కార్యాలయం ముందు విద్యార్థులు బైఠాయించారు. ఉద్యమం దేశమంతా పాకాక వేతనం నిలిచింది. మొత్తం మాత్రం పెరగలేదు. జేఆర్ఎఫ్ 37 వేలు అయిన 2023లోనూ అది 8 వేలే.

ఆ 2015 చలికాలంలోనే హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో రోహిత్ వేముల వేతనం ఆగి ఉంది. గుంటూరు నుంచి వచ్చిన పరిశోధక విద్యార్థి, జేఆర్ఎఫ్ నెగ్గినవాడు, నెలకు 25 వేలు రావాలి. అందులోంచే ఇంటికి పంపేవాడు. విశ్వవిద్యాలయం అతన్నీ మరో నలుగురు దళిత విద్యార్థులనూ సస్పెండ్ చేసి హాస్టల్ నుంచి పంపేసింది. 2016 జనవరి 17న అతను చనిపోయాడు. రాసిపెట్టిన చివరి ఉత్తరంలో తనకు ఏడు నెలల ఫెలోషిప్, లక్షా 75 వేల రూపాయలు రావాల్సి ఉందని, దాన్ని తన కుటుంబానికి అందేలా చూడమని కోరాడు. అతని మరణానికి కారణాలు వేతనం ఒక్కటే కాదు, కులవివక్షను పక్కన పెట్టి ఆ మరణాన్ని అర్థం చేసుకోలేం. కానీ ఏడు నెలలు వేతనం అందని విద్యార్థి ఆ ఏడు నెలలు ఎలా బతికాడన్న ప్రశ్నకు ఏ విశ్వవిద్యాలయమూ జవాబు చెప్పకుండా తప్పించుకోకూడదు.

ఇప్పుడు డబ్బు నేరుగా బ్యాంకు ఖాతాలో పడుతుంది. వినడానికి సులువు. జరిగే పద్ధతి చూస్తే అందులోని చిక్కు తెలుస్తుంది. విద్యార్థి ఆ నెల హాజరు పత్రం మీద గైడు సంతకం, శాఖాధిపతి సంతకం తీసుకుని ఆఫీసులో ఇవ్వాలి. అక్కడ 'మేకర్' అనే ఉద్యోగి పోర్టల్‌లో ఆ నెలను నమోదు చేయాలి, 'చెకర్' అనే మరొకరు సరిచూసి ధ్రువీకరించాలి. ఆ తర్వాత ఢిల్లీలో నిధులుంటేనే సొమ్ము కదులుతుంది. ఇందులో ఒక్కరు సెలవులో ఉన్నా ఆ నెల పోయినట్టే. సీనియర్ ఫెలోషిప్‌కు మారేటప్పుడు కమిటీ కూర్చోవడం ఆలస్యమైతే నెలలు గడుస్తాయి. బకాయిలన్నీ ఒక్కసారిగా వచ్చిపడతాయి గానీ, మధ్యలో హాస్టల్ మెస్ బిల్లు ఆగదు, ఇంటి నుంచి ఫోన్లు ఆగవు.

ఇంకో అన్యాయం భాషది. నెట్‌లో తెలుగు ఒక విషయంగా ఉంది, రెండో పేపరు తెలుగులో రాయవచ్చు. అందరికీ ఉమ్మడిగా ఉండే మొదటి పేపరు, 50 ప్రశ్నలు, 100 మార్కులు, ఇంగ్లిషులోనో హిందీలోనో మాత్రమే ఉంటుంది. పోతన మీదో పల్నాటి వీరచరిత్ర మీదో జీవితం పెట్టాలనుకునే విద్యార్థి పరిశోధనకు తగినవాడా కాదా అన్నది ఆ రెండు భాషల్లో తేలుతోంది. హిందీ ప్రాంతం విద్యార్థికి తన భాషలో రాసే వీలున్నప్పుడు తెలుగు విద్యార్థికి ఎందుకు లేదు?

2018లో మొదలైన ప్రధానమంత్రి రీసెర్చ్ ఫెలోషిప్ కింద ఎంపిక చేసిన పెద్ద సంస్థల్లో మొదటి రెండేళ్లు నెలకు 70 వేలు, చివరి రెండేళ్లు 80 వేలు ఇస్తున్నారు. ప్రతిభకు అంత ఇవ్వడం మంచిదే. అదే హైదరాబాద్‌లో ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయంలో జేఆర్ఎఫ్ గానీ మరే ఫెలోషిప్పు గానీ రాని విద్యార్థికి కేంద్రం నుంచి దక్కేది సున్నా. రెండు రాష్ట్ర ప్రభుత్వాలకూ ఇందులో పని ఉంది. ఉస్మానియా, కాకతీయ, ఆంధ్ర, శ్రీవేంకటేశ్వర లాంటి చోట్ల పీహెచ్‌డీ సీటు ఇచ్చిన ప్రతి విద్యార్థికీ కనీస వేతనం సొంత బడ్జెట్లోంచి ఏర్పాటు చేయాలి. ఇవ్వలేమనుకుంటే సీట్ల సంఖ్య తగ్గించుకోవాలి గానీ, ఖాళీ కడుపుతో ఐదేళ్లు పని చేయమనకూడదు. ఇచ్చే వేతనం ఎంతైనా, ఉద్యోగుల జీతాల లాగే అది ఒకటో తారీఖున ఖాతాలో పడాలి. హాజరు పత్రం తర్వాత సర్దుకోవచ్చు.